నాలుగో పేరా

లిఫ్టు జడ్జీలకూ పెద్ద వకీళ్ళకూ మాత్రమే అన్న బోర్డు ఆ కోర్టు భవనంలో ఎక్కడా లేదు. అయినా ఏడు కేసు కట్టలను గుండెలకు హత్తుకుని నిలబడ్డ జూనియరు వకీలును ఎగాదిగా చూసి లిఫ్టు మనిషి తలుపు మూసేశాడు. ఆమె మెట్లెక్కింది. జారిపోతున్న పై కట్టను గడ్డంతో నొక్కిపట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా గోడకు భుజం ఆనించి ఊపిరి తీసుకుంటూ నాలుగో అంతస్తు చేరేసరికి నల్లకోటు లోపల చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పదకొండు కావస్తోంది. కేసు పిలిచేది మధ్యాహ్నం భోజనాల తర్వాతే. కట్టలు మాత్రం పొద్దున్నే రావాలన్నది ఆఫీసు నియమం. కట్టలతోపాటు మోసేవాళ్ళూ రావాలి కదా.

ఆఫీసులో ఆమెను "కొత్తమ్మాయి" అంటారు. ఆమెకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న పిల్లనూ అలాగే అనేవారట. ఆ పేరు కుర్చీది. ఎవరు కూర్చుంటే వాళ్ళకు అంటుకుంటుంది. చేరిన అయిదు నెలల్లో ఒక్కరు కూడా ఆమె అసలు పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. పలకరింపులన్నీ కాగితాల గురించే: అది టైపు కొట్టావా, ఇది కుట్టావా, పేజీలకు నంబర్లు వేశావా. పాత ఫైళ్ళ గదిలో బీరువాల మధ్య ఒంటరిగా మధ్యాహ్నం తిండి తింటుంది. జీతం, సీనియరు వకీలు ఒక్క పూట కోర్టులో నిలబడితే కక్షిదారు ఇచ్చుకునే దానిలో సగానికి తూగదు. అయినా ఆ ఉద్యోగం కోసం నూటపాతిక మంది పోటీపడ్డారు. నలుగురిని తీసుకున్నారు. ఆరో నెల నిండగానే ఇద్దరిని ఉంచి, ఇద్దరిని పంపేస్తారు. ఆ ఆరో నెల మొదలై పదిరోజులైంది.

వరండా బెంచీ మీద కూర్చున్న ఆడమనిషి లేచి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. చేతిలో మడతలు పడ్డ కాగితాల దొంతర. అందులో ఒకచోట పెన్సిలుతో గీత గీసి ఉంది.

"తల్లీ, ఇది కాస్త చదివిపెడతావా?"

కట్టలను కిటికీ గట్టుమీద ఆనించి ఆమె కాగితం అందుకుంది. "చదవడం రాదా అండీ?" అని అడిగింది.

"ఎందుకు రాదూ. మూడుసార్లు చదివాను. నేను చదివింది నిజంగా అక్కడ ఉందా అని అడుగుతున్నాను."

మొదటి పంక్తిలోనే ఆమె కళ్ళు ఆగిపోయాయి. చేతిరాతను గుర్తుపట్టినట్టే మనిషి తన వాక్యాన్నీ గుర్తుపడుతుంది. "పిటిషను నాలుగవ పేరాలోని సంగతులన్నిటినీ ప్రతివాది ఖండిస్తున్నాడు. పిటిషనరు మృతుని కన్నతల్లి అన్న విషయం ప్రతివాదికి తెలియదు. దానిని పిటిషనరు తగిన సాక్ష్యంతో రుజువు చేసుకోవలసి ఉన్నది."

"ఉందండీ," అంది.

"ఎవరు రాశారంటావ్?"

"కంపెనీ తరఫువాళ్ళు."

"కంపెనీవాళ్ళు రాసి ఉండరు. మావాడు పోయిన రోజు మేనేజరు మా ఇంటికి వచ్చి నన్ను 'అమ్మా' అనే పిలిచాడు. ఇది రాసినవాళ్ళెవరో నా మొహం చూడలేదు. చూస్తే రాయరు. వాడివన్నీ నా పోలికలే."

చూడలేదన్న మాట అక్షరాలా నిజం. జూనియరు కాగితం మడిచి తిరిగి ఇచ్చేసింది. ఎదుటి పక్షం మనిషితో, వాళ్ళ వకీలు లేనప్పుడు కేసు సంగతి మాట్లాడకూడదు. ఆ నియమం ఆలస్యంగా గుర్తొచ్చింది. రాసింది నేనేనని చెప్పాల్సింది పోయి నియమాన్ని అడ్డుపెట్టుకుంది.

"నేను కంపెనీ వకీలు దగ్గర పనిచేస్తానండీ. మీతో మాట్లాడకూడదు."

ఆ తల్లి ఎగాదిగా చూసింది. తిడుతుందనుకుంది జూనియరు. తిడితే బాగుండేది కూడా.

"మాట్లాడకూడదా? సరేలే. మాట్లాడకుండానే కూర్చో. అంత బరువు మోసుకొచ్చావు," అని బెంచీ మీద పక్కకు జరిగింది.

అయిదు నెలల్లో ఆమెను కూర్చోమన్న మొదటి మనిషి. జూనియరు కట్టలు ఎత్తుకుని వరండా చివరకు వెళ్ళి నిలబడింది.

*

ఆ వాక్యం పుట్టిన తీరు చెప్పుకోవాలి. అందులో పగ లేదు, కుట్ర లేదు. అదే అసలు ఘోరం.

ఆమె చేరిన రెండో నెలలో ఆఫీసు గుమాస్తా ఆమె ముందు ఈ పిటిషను పడేశాడు. రంగుల కార్ఖానాలో అద్దకపు తొట్టి కడగడానికి దిగిన ఇరవైమూడేళ్ళ మనిషి లోపలి ఆవిరికి ఊపిరాడక చనిపోయాడు. తల్లి పరిహారం కోరుతోంది. కంపెనీ తరఫున జవాబు తయారుచేయాలి. ఎలా రాయాలో గుమాస్తాయే నేర్పాడు. ముప్పయ్యేళ్ళుగా అక్కడే ఉన్నాడాయన. ఆమె "బాబాయ్ గారూ" అంటే అభ్యంతరం చెప్పని ఏకైక ప్రాణి.

"చూడమ్మాయ్, కాదన్నది బతుకుతుంది, కాదననిది మెడకు చుట్టుకుంటుంది. మన మౌనం అర్ధాంగీకారం కూడా కాదు, పూర్తి అంగీకారం. పొద్దు తూర్పున పొడుస్తుందని వాళ్ళు రాసినా సరే, మాకు తెలియదు, రుజువు చేసుకోమను."

"నిజమైతే కూడానా బాబాయ్ గారూ?"

"నిజమైతే వాళ్ళే చేసుకుంటారుగా. మన సొమ్మేం పోయింది?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అని మొండివాళ్ళను ఎగతాళి చేస్తాం. న్యాయశాస్త్రం చదువుకున్నవాళ్ళు అంతకంటే తెలివైనవాళ్ళు. వాళ్ళు మూడే కాళ్ళని అనరు. నాలుగని నువ్వు రుజువు చెయ్యి అంటారు. ఆమె పిటిషనులోని ముప్పైరెండు పేరాలకూ ముప్పైరెండు ఖండనలు ఒక్క రోజులో కొట్టేసింది. నాలుగో పేరాలో ఏముందో చూసింది, కానీ చదవలేదు. సీనియరు చూడకుండానే సంతకం చేశాడు. ఒక్క రోజులో పూర్తిచేసినందుకు ఆ సాయంత్రం ఆమెకు గర్వంగా కూడా అనిపించింది.

మూడు నెలల తర్వాత కార్ఖానా రిజిస్టరు నకలు వచ్చింది. అందులో తల్లి పేరు చోట, చనిపోయినవాడు బతికుండగా తానే చెప్పి రాయించిన పేరు ఉంది. అది వీధంతా ఆమెను పిలిచే ముద్దుపేరు. పిటిషనులోనూ గుర్తింపు కార్డులోనూ ఉన్నది వేరే పేరు. సీనియరు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి, జవాబు తెప్పించుకుని నాలుగో పేరా చదివాడు.

"ఇది ముందే ఎవరు పట్టారు?" అన్నాడు.

గుమాస్తా ఆమెను చూపించాడు. ఆమె కాదనలేదు. అన్నిటినీ కాదనడం నేర్చిన పిల్ల, ఆ పొగడ్తను మాత్రం కాదనలేకపోయింది.

"ఆ తల్లి బోనెక్కిన రోజు నువ్వే క్రాస్ చెయ్యి, ప్రశ్నలన్నీ నువ్వే అడుగు," అన్నాడు సీనియరు.

జూనియరుకు అదెంత వరమో బయటివాళ్ళకు తెలియదు. రెండేళ్ళు కట్టలు మోసి, ఒక్కసారి కూడా కోర్టులో గొంతు విప్పకుండా వెళ్ళిపోయినవాళ్ళున్నారు. ఆ రోజు ఆమె అక్కకు ఫోన్ చేసింది. అక్క బట్టలు కుట్టి చెల్లెలిని చదివించింది. ఫోన్లో కూడా మిషను ఆపదు. ఆ చప్పుడు మధ్యనుంచి ప్రతి ఆదివారం ఒకే ప్రశ్న: "ఏమే, ఈ వారమన్నా నోరు విప్పావా, ఇంకా మూగనోమేనా?" ఆ రోజు సంగతి వినగానే మిషను ఆగిపోయింది.

"ఎవర్ని అడుగుతావే?" అంది అక్క.

"ఒక సాక్షిని."

"ఎలాంటి సాక్షి?"

"మామూలు సాక్షే," అని మాట మార్చేసింది. ఎవరిని, ఏమని అడగబోతోందో సొంత అక్కకు చెప్పలేకపోయినప్పుడే అది తప్పని ఆమెకు తెలియాల్సింది. తెలియలేదు. ఆ రాత్రి తన అద్దెగదిలో అద్దం ముందు నిలబడి, చీటీ మీద రాసుకున్న పదకొండు ప్రశ్నలూ వల్లెవేసింది. అద్దంలోని మనిషి తప్ప వినేవాళ్ళు లేరు.

*

మధ్యాహ్నం ఒంటిగంటకు సీనియరు వకీళ్ళ గదిలో ఉన్నాడని తెలిసి వెళ్ళింది. ఆయన అరిచే మనిషి కాడు. మెత్తగా మాట్లాడతాడు, టీ తెచ్చినవాడికి కృతజ్ఞతలు చెప్తాడు. ఆయన ముందు నిలబడి, ఆ నాలుగో పేరా పాయింటు వదిలేద్దామా అని అడిగింది. అది తాను వెతికి పట్టింది కాదనీ, అలవాటుగా కొట్టిన మాట అనీ ఒప్పుకుంది.

"గుడ్డిగా వేసినా తగిలింది తగిలిందే," అన్నాడాయన.

"ఆమె తల్లేనని అందరికీ తెలుసు కదా సార్."

"అందరికీ తెలిసినదాన్ని రుజువు చెయ్యడమే కష్టం అమ్మాయ్. అందుకే అడుగుతాం." ఆయన ఆమె చేతిలోని ప్రశ్నల చీటీ తీసుకుని ఒకసారి చూసి తిరిగి ఇచ్చాడు. "నువ్వు తల్లివి కావని మనం అనడం లేదే. కాగితం చూపించమంటున్నాం. చూపిస్తే మంచిదే. లేదంటే ఇంకో రెండేళ్ళు పడుతుంది. ఈలోగా వాళ్ళే రాజీకి వస్తారు." తర్వాత నిజమైన దయతోనే అన్నాడు, "మొదటిసారి అందరికీ కాళ్ళు వణుకుతాయి. వెనకాల నేనుంటాను."

వణుకు దేనికో ఆయనకు చెప్పే మాట ఆమె దగ్గర లేదు. అయిదేళ్ళ చదువులో ఎక్కడా ఆ మాట నేర్పలేదు.

భోజనాల తర్వాత కేసు పిలిచారు. తల్లి బోనెక్కింది. ఆమె వకీలు రోజుకు పది కేసులు చూసుకుంటే గాని ఇల్లు గడవని మనిషి. అడగాల్సిన నాలుగూ గబగబా అడిగి, అలసటగా కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. కొడుకు పేరు, పని, పోయిన తేదీ. ఆమె చెప్పింది చెప్పినట్టు స్టెనో కొట్టుకుంటూ పోయింది. జడ్జి తలెత్తకుండానే "క్రాస్" అన్నాడు.

జూనియరు లేచింది. చీటీ మీద మొదటి ప్రశ్న తన అక్షరాల్లోనే ఉంది: మృతుడు ఏ ఆస్పత్రిలో జన్మించాడు? రెండోది: అందుకు ఆధారం ఉందా? అలా పదకొండు మెట్లు. చివరి మెట్టు ఎక్కేసరికి, బోనులో ఉన్నామె ఎవరికీ ఏమీ కాదు.

ఆమె నోరు తెరిచింది.

"మీ అబ్బాయి ఎక్కడ పుట్టాడండీ?"

బోనులో ఉన్నామె మొహం తేటపడింది. కొడుకు పోయినప్పటినుంచీ వాడి చావు గురించే అడుగుతున్నవాళ్ళలో పుట్టుక గురించి అడిగిన మనిషి ఈమె ఒక్కతే.

"ఇంట్లోనే పుట్టాడు తల్లీ. ఒకటే వాన. మంత్రసాని గొడుగు ముడిచే లోపలే పుట్టేశాడు. అన్నిటికీ తొందరే వాడికి. ఆ తొట్టిలోకి కూడా వాడే ముందు దిగాడట."

కునుకుతున్న తల్లి తరఫు వకీలు ఉలిక్కిపడి లేచాడు. "సార్, 'మీ అబ్బాయి' అన్నారు. తల్లి కాదని జవాబు వేసినవాళ్ళే ప్రశ్నలో తల్లేనని ఒప్పుకున్నారు. అది ఉన్నదున్నట్టు రికార్డు కావాలి."

స్టెనో చేతులు ఆపింది. జడ్జి కళ్ళజోడు తీసి జూనియరు వైపు చూశాడు. వెనకనుంచి ఆమె నల్లకోటు అంచును ఎవరో మెల్లగా లాగారు. సీనియరు సగం లేచి నిలబడి నవ్వుతున్నాడు.

"నోరు జారింది సార్. అమ్మాయి కొత్త, మొదటి క్రాసు. 'మృతుడు' అని సవరించుకుంటుంది."

జడ్జి కూడా మంచివాడే. "కంగారు పడకండి. మొదట్లో అందరం తడబడినవాళ్ళమే," అన్నాడు. "ఆ మాట వెనక్కి తీసుకుంటారా?"

నోరు జారిందో, నోరే ముందు తెలివి తెచ్చుకుందో ఆమెకు అప్పుడూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు. తెలిసిందొకటే. జారినదాన్ని ఎత్తి యథాస్థానంలో పెట్టడం చాలా తేలిక. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతో ఆరో నెల నిండుతుంది, కుర్చీ నిలుస్తుంది, ఆదివారం అక్క అడిగినదానికి జవాబు ఉంటుంది. హాల్లో అందరూ ఆ మాట కోసమే దయగా ఎదురుచూస్తున్నారు. ఇంతమంది ఒక్కసారిగా ఆమె మాట కోసం ఎదురుచూడడం ఆమె జీవితంలో అదే మొదలు. అంతమంది మధ్య అంత ఒంటరితనం కూడా అదే మొదలు.

"తీసుకోను సార్," అంది.

కోటు అంచు వదిలేశారు.

జడ్జి కళ్ళజోడు పెట్టుకుని, స్టెనోకు సైగ చేశాడు. ప్రశ్న ఉన్నదున్నట్టు రికార్డులోకి ఎక్కింది. సీనియరు మొహంలో కోపం లేదు. ఆయన ముందుకు వచ్చి, ఆమె వేళ్ళ మధ్యనుంచి చీటీని మర్యాదగా తీసుకున్నాడు.

"మిగతా క్రాసు నేను చేస్తాను సార్."

ఆమె పక్కకు తప్పుకుంది. కూర్చోవాల్సిన కుర్చీ ఆయన వెనకే ఉంది. అందులో కూర్చోలేదు. ఎదుటి బల్ల దగ్గర ఆమెకు పని లేదు. రెండు బల్లల మధ్యనున్న జాగాలో, ఎవరి తరఫునా కాకుండా నిలబడిపోయింది.

సీనియరు రెండో ప్రశ్న చదివాడు. "మృతుడు మీకే పుట్టాడనడానికి ఏ ఆస్పత్రి కాగితమైనా మీ దగ్గర ఉందా?"

అడిగింది ఆయన. బోనులో ఉన్నామె మాత్రం ఆయనను దాటి, రెండు బల్లల మధ్య నిలబడ్డ పిల్లనే చూస్తోంది.

"లేదు తల్లీ," అంది.

ఆ చివరి మాటను రికార్డులోకి ఎక్కించాలో వద్దో తెలియక స్టెనో వేళ్ళు గాలిలోనే ఆగిపోయాయి.