అమ్మకూడని టోపీ

నరసరావుపేటలో ఎంబ్రాయిడరీ మిషను నడుపుకునే మున్నీ, కోటప్పకొండ తిరునాళ్లలో అమ్మడానికని నాలుగు వందల టోపీల మీద ‘వెల్టోరా’ అని కుట్టింది. అది బూట్ల కంపెనీ పేరని మాత్రమే ఆమెకు తెలుసు. కుర్రాళ్లు ఆ పేరుంటేనే కొంటారు.

శివరాత్రికి పది రోజుల ముందు ఆ కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. మున్నీ దాన్ని వకీలు సాల్మన్ రాజుకు చూపించి, తను బూట్లు అమ్మడం లేదు కదా అని అడిగింది. కంపెనీ ఆ పేరును టోపీలకు కూడా రిజిస్టరు చేయించుకుందని, అనుమతి లేకుండా దాంతో సరుకు అమ్మితే తప్పేనని ఆయన చెప్పాడు. ఆ పేరున్న టోపీ ఎవరికీ అమ్మననీ, ఊరికే కూడా ఇవ్వననీ హామీపత్రం రాయించి పంపించాడు.

మున్నీ, ఆమె అత్త రషీదా వారమంతా కూర్చుని దారాలు ఊడదీశారు. అయినా అరవై మిగిలిపోయాయి. కంపెనీ ఆఫీసరు తిరునాళ్లకే వచ్చి చూస్తానన్నాడని వాటిని గోనెసంచిలో వేసుకుని వెళ్లింది.

ఆఫీసరు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. ఆయనది బట్టతల. పేరు తీసేసిన టోపీలన్నీ అప్పటికే అమ్ముడుపోయాయి. సంచి విప్పి చూసి, రాసుకోవాల్సింది రాసుకుని, అందులోంచి ఒక టోపీ తీసి ఎంతని అడిగాడు.

“అమ్మకూడదు సార్. సంతకం పెట్టా,” అంది మున్నీ.

“నేను కంపెనీ మనిషినేనమ్మా.”

“ఎవరికీ అని రాసుంది. మీకు తప్ప అని లేదు.”

ఆయన బ్యాగులోంచి హామీపత్రం తీసి చదివాడు. నిజంగానే లేదు. అనుమతి కోసం హైదరాబాదు ఆఫీసుకు ఫోన్ చేశాడు. పండగ సెలవు కావడంతో ఎవరూ ఎత్తలేదు. ఇంతలో ఎండకు కళ్లు తిరిగి మున్నీ టోపీల బల్ల పక్కనే కూలబడ్డాడు.

మున్నీ హడలిపోయి మజ్జిగ తాగించింది. తడిగుడ్డ ఆయన నెత్తిన వేసి, బ్లేడు తీసుకుని ఒక టోపీ మీద అక్షరాలు కోయడం మొదలుపెట్టింది. కాస్త తేరుకున్నాక ఆయన కూడా కొస పట్టుకుని దారం లాగాడు.

పేరు పోయింది గానీ సూది బొక్కలు మిగిలాయి.

“ఇంకా కనపడతానే ఉంది సార్,” అంది మున్నీ దిగులుగా.

“బొక్కల సంగతి పత్రంలో లేదమ్మా,” అని ఆయన డబ్బిచ్చి టోపీ పెట్టుకున్నాడు.

బస్సుకు ఇంకా టైముంది. బల్ల మీద కట్టిన పరదా నీడన కూర్చుని ఆయన దారాలు లాగుతుంటే, మున్నీ తీసినవి తీసినట్టే అమ్మింది. కొనేవాళ్లు బొక్కలు తడిమి చూసి ఒరిజినలేనా అని అడిగారు. అడిగిన ప్రతివాళ్లకీ ఆఫీసరు కాదనే చెప్పాడు. అయినా కొనుక్కుపోయారు.