పది రోజుల దానియేలు

బాప్తిస్మంలో మా ఆయనకు దానియేలు అని పేరు పెట్టినవాళ్లను నేనింకా క్షమించలేదు. ఓబులేసుగానే ఉండనిచ్చుంటే ఈ గొడవే వచ్చేది కాదు.

బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీల వెనకాల మా చర్చి. నలభై కుటుంబాలు, అందరూ క్వారీల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లే. మా ఆయన పాస్టరు. మొన్న కర్నూలులో డాక్టరు ఆయనకు షుగర్ ఉందని చెప్పి, అన్నం సగానికి తగ్గించమన్నాడు. కోడికూర తినొచ్చని కూడా అన్నాడు. ఆ మాట బస్సు దిగేలోపలే ఎగిరిపోయింది. ఇంటికి రాగానే మా ఆయన బైబిలు తెరిచి, తనను చెరపట్టిన రాజు పంపిన మాంసం ముట్టకుండా దానియేలు పది రోజులు కూరగాయలు, నీళ్లతో గడిపిన వచనం మీద వేలు పెట్టాడు.

"నా పేరు మీదనే ఉండాది చూడు" అన్నాడు.

అసలే కోతి, ఆపైన కల్లు తాగింది. ఆదివారం ప్రసంగంలో, తానూ పది రోజులు ఆ నియమం పాటిస్తానని అందరి ముందూ ప్రకటించేశాడు. ఇష్టమున్నవాళ్లు తనతో పాటు ఉండొచ్చన్నాడు. అన్నం తగ్గిస్తే రోగిష్టి అంటారు, మాంసం మానితే భక్తుడంటారు. అందుకని మాంసం మానేసి, పప్పు కలుపుకుని రెండింతల అన్నం తినేవాడు. నేను ఏదైనా అంటే నాకు విశ్వాసం తక్కువని తేల్చేవాడు.

ఎనిమిదో రోజు మా సంఘంలోని చౌడమ్మ కొత్తింట్లో ప్రార్థన. ఆమెకు మొగుడు లేడు. లారీలకు బండలెత్తి, పదేళ్లకు ఒక గది కట్టుకుంది. ప్రార్థన అయ్యాక పాస్టరు మొదటి ముద్ద తింటేగానీ మావాళ్లలో ఎవరూ విస్తరి ముందు కూర్చోరు. ఆమె పెంచుకున్న పుంజును కోసింది, రాగిసంగటి చేసింది. వాసనకు నా కడుపులో పేగులు అరుస్తున్నాయి.

మా ఆయన చిరునవ్వుతో, తనకు రెండు అరటిపండ్లు, గ్లాసెడు నీళ్లు చాలన్నాడు. చౌడమ్మ పండ్లు తెప్పించింది. ఆయన తొక్క తీస్తుంటే గడప దగ్గర కూర్చుని మెల్లగా చెప్పింది.

"నా కొడుకు పెండ్లికి క్వారీ ఓనరు వచ్చినాడు అయ్యగారూ. ఒక అరటిపండు ఒలుచుకోని తినిపోయినాడు. ఓట్లకొచ్చినోళ్లూ అంతే. తొక్క ఉండేదైతే మా చెయ్యి తగలదు గదా. మా యింట్లో సంగటి తినేది మీరొక్కరే అనుకుంటి."

ఆ గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే మా ఆయన ఏదో వచనం చెప్పి సర్దేవాడు. పండు పక్కన పెట్టి, సంగటి పెట్టమన్నాడు. అలా అన్నందుకు అప్పుడే నొచ్చుకున్న చౌడమ్మ, నియమం చెడిపోతుందని వద్దంది. ఆయనే గిన్నె దగ్గరికి లాక్కుని, ముద్ద వేసుకుని, బొటనవేలితో గుంట చేసి కోడిపులుసు పోసుకున్నాడు. ఎనిమిది రోజులుగా ఆయన్ను ఎగతాళి చేసిన నాకు ఏడుపొచ్చింది.

పది రోజులూ ముగిశాక వచ్చిన ఆదివారం సాక్ష్యాలు. పది రోజులు నిలిచిన నలుగురు లేచి దేవుణ్ణి స్తుతించారు. మా ఆయన వంతు వచ్చింది.

"నేను ఎనిమిదో రోజే తప్పినా. నాకు నిలకడ చాలలేదు" అన్నాడు. అంతే, చౌడమ్మ పేరు ఎత్తలేదు.

సంఘ పెద్ద మారెన్న, కాపరే నిలబడకపోతే మందకు దిక్కెవరని అందరికీ వినపడేలా గొణిగాడు. ఆడవాళ్ల వైపు చివరి వరుసలో చౌడమ్మ లేచి నిలబడింది.

"దానియేలు వద్దన్నది రాజు పెట్టిన కూడు" అంది. "అయ్యగారు తిన్నది నా కూడు."