రైలు కావాలా, పట్టాలు కావాలా

పేర్ల చీటీలు కిరణ్మయి తన చేత్తోనే పెట్టింది. కోకాపేటలో తొమ్మిదో అంతస్తు, పొడవాటి బల్ల, ఆరు కాలేజీల నుంచి రాబోయే, ఆటలు నేర్పే ఆరుగురు పీడీలు. జాయ్స్ పేరున్న చీటీని తన కుర్చీ పక్కన పెట్టింది. బాగుండదేమోనని తీసి ఎదురుగా పెట్టింది. మళ్ళీ పక్కకే తెచ్చుకుంది. ఇంత పెద్ద ఉద్యోగం చేస్తున్న మనిషి బడిపిల్లలా చీటీలు మార్చుకుంటోందేమిటని లోపల ఎవరో నవ్వారు. నవ్వనీ అనుకుంది.

ఆమె పనిచేసే కంపెనీ అమ్మాయిల కాలేజీ వాలీబాల్ లీగ్‌ని ఫోన్లలో ప్రత్యక్షంగా చూపిస్తుంది. ప్రకటనల మీద వచ్చిన డబ్బుని ఇప్పటిదాకా ఆరు కాలేజీలూ సమానంగా పంచుకున్నాయి. ఈ ఏడు విజ్ఞానతీర్థ కాలేజీ అడ్డం తిరిగింది. ఎవరి ఆట ఎక్కువమంది చూస్తే వాళ్ళకే ఎక్కువ రావాలంది. కంపెనీ ఏది న్యాయమంటే దానికి కట్టుబడతామని మిగతావాళ్ళు అన్నారు. కంపెనీ తరఫున చెప్పాల్సింది కిరణ్మయి. చూపుల్ని బట్టి పంచితే, బోరబండలో జాయ్స్ పనిచేసే చిన్న కాలేజీకి వ్యాను కిరాయికి కూడా చాలదు. వచ్చే ఏడు జట్టు ఉండదని అక్కడి ప్రిన్సిపాల్ ముందే చెప్పేశారు.

జాయ్స్ వచ్చింది. నేతచీర, కింద ఆటల బూట్లు. నుదుటి దగ్గర జుట్టు నెరిసింది. నడక మాత్రం అదే, ఎప్పుడైనా ఎగరడానికి సిద్ధంగా ఉన్నట్టు మడమ కాస్త లేపి వేసే నడక. ఇంటర్ తర్వాత తెగిపోయిన స్నేహం; ఇన్నేళ్ళలో ఈమెయిళ్ళలో తప్ప కలవలేదు. కిరణ్మయి లేచి నుంచుంది. జాయ్స్ తన చీటీ ఎక్కడుందో చూసింది, దాన్ని తీసుకుంది, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"ఇక్కడే కూర్చోవచ్చుగా" అంది కిరణ్మయి.

"ఎదురుంటె మాట మంచిగ వినిపిస్తది, మేడమ్."

ఆ 'మేడమ్' విని కిరణ్మయి పక్కనున్న ఖాళీ కుర్చీని బల్ల కిందికి తోసేసింది.

విజ్ఞానతీర్థ పీడీ శ్రీనివాసులు ముందుగా అందుకున్నాడు. "ఉన్నమాట చెప్తాను, ఏమనుకోకండి. జనం చూసేది మా పిల్లల్నండి. మేం గెలుస్తున్నాం. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకటే అంటే ఇంక ఆటెందుకు?"

"మీ పిల్లలా సార్?" అంది జాయ్స్. "మీ నవనీత నా దగ్గర సర్వీస్ నేర్చుకున్నది. ఫీజు మాఫీ అన్నరు, హాస్టల్ అన్నరు, మీ దగ్గరికొచ్చేసింది. పిల్లకు మంచిదే, నేనేమన్న. గని ఏటా గిట్ల మా దగ్గరి పిల్లల్ని ఏరుకపోతె ఆఖరికి మీరెవరితోని ఆడుతరు? అద్దంతోనా?"

"అద్దమైతే కొట్టిన బంతి తిరిగైనా వస్తుంది లెండి" అన్నాడు శ్రీనివాసులు. అందరూ నవ్వారు. జాయ్స్ కూడా నవ్వింది, పెదవులతో.

కిరణ్మయి తెర మీద పటం వేసింది. పైన 'కాంపిటీటివ్ బ్యాలెన్స్' అని ఉంది. బల్ల చివర కూర్చున్న పెద్దాయన భీమేశ్వరరావు కళ్ళజోడు సర్దుకుని, "అమ్మా, తెలుగులో చెబుదురూ" అన్నారు.

తెలుగులో? పోటీ సమతౌల్యం అందామనుకుంది. నోటికి వచ్చింది వేరే మాట.

"ఉద్దీలండి."

జాయ్స్ చేతిలో పెన్ను ఆగిపోయింది.

బోరబండ స్టేషను వెనక ఖాళీ జాగాలో సాయంత్రాలు జట్లు కట్టేటప్పుడు ఆటలో ఒకరికొకరు సరిజోడైన ఇద్దరు ఉద్దీలు. వాళ్ళు భుజాల మీద చేతులు వేసుకుని పక్కకు వెళ్ళి రహస్యంగా చెరో పేరు పెట్టుకుని వస్తారు. నాయకురాళ్ళలో ఒకరు, ఎవరి పేరు ఏదో తెలియకుండానే, ఒక పేరు కోరుకోవాలి. కోరుకున్న మనిషి ఇటు, మిగిలిన మనిషి అటు. అలా రెండు జట్లూ సమానమవుతాయి. కిరణ్మయికి ఉద్ది ఎప్పుడూ జాయ్సే. "రైలు కావాలా, పట్టాలు కావాలా?" అని వచ్చి అడిగేవాళ్ళు. ఏది కోరుకున్నా ఇద్దరూ చెరోవైపుకి వెళ్ళాల్సిందే. చదివే బళ్ళు కూడా వేరు, బడి జట్లు కూడా వేరు. ఒక్కసారైనా వలకి ఇటే, ఒకే వైపు నిలబడి ఆడాలని ఇద్దరికీ ఎంత కోరికో! ఇంటర్ అయ్యాక ఇద్దరూ కలిసి ఒకే కాలేజీకి వెళ్ళి ఆడి చూపించారు. అదే ఈ విజ్ఞానతీర్థ. ఫీజు లేని సీటు ఒక్కటే ఉంది. అది కిరణ్మయికి వచ్చింది.

ఆ ఏడాది ఫైనల్లో వలకి అవతల, వేరే కాలేజీ జట్టులో, జాయ్స్. ఆమె పక్కన ఉన్నవాళ్ళెవరూ ఆమెకి బంతి సరిగా ఎత్తి ఇవ్వలేకపోయారు. ఆట ఎంత తొందరగా అయిపోయిందంటే కిరణ్మయికి చెమట కూడా పట్టలేదు. కప్పు చేతికొచ్చింది, ఆటమీద ఇష్టం పోయింది. చదువు దెబ్బతింటోందని ఇంట్లో చెప్పి మానేసింది. ఆ తర్వాత ఉద్యోగంలో, పెళ్ళిలో, అద్దాల మేడల మధ్య ఒంటరిగా నడిచే సాయంత్రాల్లో, ఎక్కడైనా సరే, కొత్త మనిషి కనబడితే లోపలొక కొలబద్ద లేచేది. ఈ మనిషి నాకు ఉద్దీయా? ఎవరూ కాలేదు.

"ఉద్దీలా!" భీమేశ్వరరావుగారు సంబరపడ్డారు. "మా కాకినాడలోనూ అనేవాళ్ళం."

కిరణ్మయి కొలిచిన లెక్కలు చూపించింది. విజ్ఞానతీర్థ సులువుగా గెలిచే ఆటల్ని జనం మొదలుపెట్టి, కాసేపట్లోనే వదిలేస్తున్నారు. చివరిదాకా చూసిన ఆట ఒక్కటే. విజ్ఞానతీర్థని బోరబండ పిల్లలు అయిదు సెట్లదాకా లాగిన ఆట.

"ఆ చూపులు ఎవరి ఖాతాలో వెయ్యాలి సార్? మీ ఖాతాలోనా, జాయ్స్‌గారి ఖాతాలోనా? జనం చూసింది ఒక జట్టుని కాదండీ, ఇద్దరి మధ్యన ఉన్న దాన్ని. అది ఇద్దరికీ చెందుతుంది. కంపెనీ మాట సమాన వాటాలే."

శ్రీనివాసులు కుర్చీలో కదిలాడు. "అది మీ లెక్క. నేను ఇంకోలా లెక్క కడతాను."

"కట్టండి. ఆరు వాటాలూ మీరే వెయ్యండి, పెద్దవీ చిన్నవీ మీ ఇష్టం. కానీ ఉద్దీల పద్ధతిలో. పేర్లు పెట్టేవాళ్ళు కోరుకోకూడదు. వాటాలు వేసినవారు ఆఖర్న తీసుకోవాలి."

శ్రీనివాసులు బల్ల మీది బిస్కట్ల పళ్ళెం వైపు చూశాడు. "అయితే ఆరూ ఒకేలాగ వేస్తాను కదండీ" అన్నాడు చివరికి, తన మాటకి తనే నవ్వుతూ. భీమేశ్వరరావుగారు బల్ల చరిచారు. సమాన వాటాలు ఖాయమయ్యాయి.

జాయ్స్ జట్టు నిలిచింది. కిరణ్మయి ఎదురుచూసింది. చెప్పిందంతా న్యాయం కోసం చెప్పిందా, ఎదుటి కుర్చీలోంచి ఒక్క చూపు కోసం చెప్పిందా అని తనని తానే ప్రశ్నించుకుంది. రెండూ ఎంత దగ్గరగా అల్లుకుపోయాయంటే, విడదీస్తే రెండూ తెగిపోయేట్టున్నాయి. జాయ్స్ మాత్రం సంచీ భుజాన వేసుకుని లిఫ్ట్ వైపు నడిచింది.

కిరణ్మయి వెనకే వెళ్ళింది. "జాయ్స్, ఒక్క మాట. ఇక నుంచి శనివారాలు మీ కాలేజీకి వస్తాను. పిల్లలకి నేర్పడంలో నీకు సాయంగా, నీ పక్కన ఉంటాను. ఇన్నాళ్ళకైనా..."

లిఫ్ట్ వచ్చింది. జాయ్స్ ఎక్కలేదు.

"ఏందే, ఇంకా నా పక్కన్నే ఉండాల్నా నీకు?" అంది.

'మేడమ్' పోయింది. కిరణ్మయి కళ్ళు చెమర్చాయి.

"చీటీ పక్కన పెట్టినవ్. చూసిన. నాకూ కూర్చోబుద్ధయింది" అంది జాయ్స్. "గని నువ్వు నా పక్కకొస్తే, నాకు ఉద్ది ఎవరే? నువ్వు ఆట ఇడిచినంక ఎవ్వలు దొరకలే. చిన్నపిల్లలకు నేర్పుడే అయిపాయె నా బతుకంతా."

"నాకూ దొరకలేదు."

"ఇయాల ప్రాక్టీసుంది. వస్తవా మరి, పైసలు పంచే షరాబు లెక్క ఇట్లనే నిలబడ్తవా?"

కిరణ్మయి కారులో బయల్దేరారు. కొత్తగూడ ఫ్లైఓవర్ మీద బళ్ళు ఆగి ఉన్నాయి. జాయ్స్ కిటికీ దించి బయటికి చెయ్యి పెట్టుకుని కూర్చుంది, చిన్నప్పటి రైల్లోలాగే.

కాలేజీ మైదానం చిన్నది. వల మధ్యలో సాగి వేలాడుతోంది. పదిమంది అమ్మాయిలే వచ్చారు. "ఇద్దరు తక్కువున్నరు మేడం" అంది ఒకమ్మాయి.

"తక్కువెందుకు? మేమిద్దరం లేమా? జట్లు కట్టుండ్రి" అంది జాయ్స్. కిరణ్మయి చెప్పులు విడిచి, చున్నీ నడుముకి బిగించింది. జాయ్స్ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరూ పిల్లలకి వినబడకుండా మంచినీళ్ళ ట్యాంకు వైపు నడిచారు.

ఆ చెయ్యి బరువు భుజం గుర్తుపట్టింది. పేర్లు పెట్టుకోవడానికి ఇలా పక్కకి నడిచే ఈ కాస్త దూరం! కిరణ్మయికి ఇన్నేళ్ళకి తెలిసింది: ఒకే వైపున ఉండాలని వెతుక్కున్నది దీనికోసమే. ఇది ఎప్పుడూ ఉండేది. రోజూ ఉండేది.

"జల్ది చెప్పు" అంది జాయ్స్. "నువ్వు రైలా, పట్టాలా?"

స్టేషన్లోకి ఎంఎంటీఎస్ రైలు వస్తున్న చప్పుడు వినిపించింది. వెనక నుంచి పిల్లలు కేకలేస్తున్నారు. ట్యాంకు ఇంకా నాలుగడుగుల దూరంలో ఉంది.

"ఉండవే, ఆలోచించుకోనీ" అంది కిరణ్మయి, నడక నెమ్మది చేస్తూ.