జాస్మిన్‌కి పళ్ళొచ్చిన రోజులు

పిచ్చయ్య ముప్పై ఏళ్ళు పశువుల బేరాలు కుదిర్చాడు. సంతలో ఎద్దు మూతి పట్టుకుని పెదవి పైకెత్తాడంటే అది రెండు పళ్ళదో, ఆరు పళ్ళదో, ముసలిదాన్ని కోడె అని అంటగట్టాలని చూస్తున్నారో ఒక్క చూపులో చెప్పేసేవాడు. సత్తెనపల్లి చుట్టుపక్కల రైతులు ఆయన మాట మీదే ఎద్దుల్ని కొనేవాళ్ళు. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, ఎద్దులు పోయాయి, బేరాలూ పోయాయి. మోకాళ్ళు అరిగి కూలికి వెళ్ళలేని వయసులో ఆయనకు ఇంకో పని దొరికింది. మనవరాలిని చూసుకోవడం.

మనవరాలు జాస్మిన్‌కి ఆరు నెలలు నిండాయి. కొడుకు కరుణాకర్ లారీలో పత్తి బేళ్ళు వేసుకుని వెళ్తే నాలుగైదు రోజులకు గానీ ఇల్లు చేరడు. కోడలు లిడియా మిరపకోతలకు వెళ్తుంది. పిచ్చయ్య భార్య పోయి మూడేళ్ళయింది. అందుకని లిడియా పొద్దున్నే పాలిచ్చి, ఇంకాసిని పాలు పిండి గిన్నెలో ఉంచి వెళ్తే, మిగతాదంతా పిచ్చయ్యే చూసుకునేవాడు. మధ్యాహ్నం పిల్లని భుజాన వేసుకుని, ఎండ తగలకుండా తువ్వాలు కప్పి, చేను దాకా నడిచి వెళ్ళేవాడు. టీకొట్టు దగ్గర ఎవరైనా నవ్వితే, "మీకు చేతకాదు గనక నవ్వుతున్నార్రా" అని ఆగకుండా సాగిపోయేవాడు.

ఫిబ్రవరిలో ఒకరోజు చేను గట్టున కూర్చుని లిడియా పాలివ్వబోయింది. జాస్మిన్ రెండు గుక్కలు తాగి, నోరు తీసేసి గుక్కపట్టి ఏడ్చింది. మళ్ళీ నోటికందిస్తే మళ్ళీ అంతే. మూడు నాలుగు రోజులుగా ఇదే వరస. ఇంట్లో కూడా చిరాకు, నిద్రలో ఉలిక్కిపడటం.

లిడియా తన చేతులకేసి చూసుకుంది. అప్పటికే మజ్జిగతో కడిగింది, కొబ్బరినూనె రాసింది, సబ్బుతో మళ్ళీ రుద్దింది. అయినా వేళ్ళు మండుతూనే ఉన్నాయి. రోజంతా పండు మిరపకాయలు కోసిన చేతులు ఎంత కడిగినా అంతే.

"నా చేతి కారమే తగులుతోంది మావయ్యా" అంది, కళ్ళనీళ్ళు మోచేత్తో తుడుచుకుంటూ. "ఎంత కడిగినా పోవట్లేదు. పసిపిల్ల నోరు మండిపోతోందేమో. రేపట్నుంచి కోతకి రాను. మేస్త్రికి చెప్పేస్తాను."

"ఆగమ్మా. తొందరపడమాక" అన్నాడు పిచ్చయ్య. "మొన్న ఆదివారం నువ్వు కోతకొచ్చావా?"

"లేదు, గుడికెళ్ళాంగా."

"ఆ రోజు ఏడవలేదూ?"

లిడియా ఆలోచించింది. ప్రార్థన మధ్యలో పిల్లని ఎత్తుకుని రెండుసార్లు బయటికి వెళ్ళాల్సి వచ్చింది. పైగా శనివారం మేస్త్రి పని పెట్టలేదు. అంటే రెండు రోజులు ఆమె కాయ ముట్టలేదు.

"కారమైతే పెదవులు కందాలి. కందలేదు. చూడు, చొంగ ఎట్టా కారుతోందో, గౌను మొత్తం తడిపేసింది. పిడికిలి మొత్తం నోట్లో కుక్కుకుంటోంది. నిన్న నా చొక్కా గుండీ పీకబోయింది, నేనే లాక్కున్నా. ఇది మంట కాదు. చిగురు దురద."

ఇంటికి వెళ్ళగానే పిచ్చయ్య గోళ్ళు మొదలంటా కత్తిరించుకున్నాడు. చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. పిల్లని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, చూపుడు వేలి కొనతో కింది చిగురు మెల్లిగా తడిమాడు. ముందు భాగంలో చిగురు ఉబ్బి, లోపల గట్టిగా ఉంది. పక్కనే ఇంకో చోట అంత గట్టిగా కాదు గానీ అలాంటిదే. వేలు తీయబోతే జాస్మిన్ దాన్ని వదల్లేదు. రెండు చిగుళ్ళ మధ్య బిగించి నమిలింది. ఏడుపు ఆపి, తాతయ్య ముఖం చూస్తూ నమిలింది.

"కింద రెండు" అన్నాడు పిచ్చయ్య. సంతలో తీర్పు చెప్పిన గొంతే అది. "ఒకటి ముందొస్తుంది, రెండోది ఆ తర్వాత. పదిరోజుల్లో బయటపడతాయి. నువ్వు రేపు కోతకెళ్ళు."

ఆ రాత్రి పొరుగింటి జోహరాబీ చిన్న గిన్నెలో తేనె పట్టుకుని వచ్చింది. "మా పిల్లలందరికీ ఇదే రాశానన్నా, చిగురుకి రాస్తే చల్లబడుద్ది" అంది.

పిచ్చయ్య గిన్నె అందుకోబోయాడు గానీ లిడియా అడ్డం వచ్చింది. "వద్దు పిన్నీ, ఏమనుకోకు. ఏడాది నిండేదాకా తేనె నాలిక్కి తగలనివ్వొద్దని టీకా వేసినప్పుడు సిస్టర్ గట్టిగా చెప్పింది."

"ఔనా? మాకెవరూ చెప్పలా" అంది జోహరాబీ. బాధపడలేదు. ఆ తేనె తనే నాకేసి, పిల్లని ఎత్తుకుని కాసేపు ఆడించి వెళ్ళింది.

మర్నాటి నుంచి పిచ్చయ్యకి ఒక పద్ధతి ఏర్పడింది. మెత్తటి పాత నూలుగుడ్డని ఉడకబెట్టి, కాచి చల్లార్చిన నీళ్ళలో ముంచి, మూతపెట్టి జోహరాబీ ఇంట్లో ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచేవాడు. గడ్డకట్టనిచ్చేవాడు కాదు, చల్లబడితే చాలు. పిల్ల చిరాకు పడ్డప్పుడు గుడ్డ కొనని నోటికి అందించి, రెండో కొన తన చేతిలోనే పట్టుకునేవాడు. పాలివ్వడానికి ముందు చిగురు మీద కడిగిన వేలితో నెమ్మదిగా రాసేవాడు. అలా రాశాక జాస్మిన్ చేను గట్టున తల్లి దగ్గర కడుపునిండా తాగింది. చొంగ కారి గడ్డం కింద ఎర్రబడకుండా అస్తమానం అద్ది, పడుకునేముందు కాస్త కొబ్బరినూనె రాసేవాడు. నాలుగు రోజులు బాగానే గడిచాయి. టీకొట్టు దగ్గర ఒకాయన తన మనవడి సంగతి అడిగితే పిచ్చయ్య పావుగంట నిలబడి చెప్పాడు.

అయిదో రోజు మధ్యాహ్నం పిల్ల ఒళ్ళు కాలిపోయింది.

పిచ్చయ్య లిడియాకి ఫోన్ చేశాడు. ఆమె పరుగున వచ్చేసరికి జోహరాబీ కూడా అక్కడే ఉంది. "పళ్ళొచ్చేటప్పుడు జ్వరం మామూలేనన్నా. నువ్వే చెప్పావుగా పళ్ళని. తడిగుడ్డ వేసి పడుకోబెట్టు, తెల్లారేసరికి అదే తగ్గుద్ది" అంది.

పిచ్చయ్య పిల్ల పక్కన కూర్చున్నాడు. చల్లటి గుడ్డ జాస్మిన్ నోటికి అందించాడు. పిల్ల ముఖం తిప్పేసుకుంది. వేలు పెట్టబోయాడు. కొరకలేదు. నిన్నటిదాకా దొరికిందల్లా నమిలిన పిల్ల నీరసంగా కళ్ళు మూసుకుని, తలని ఎడమ పక్కకి వాల్చుకుని మూలుగుతోంది. పొద్దుటి నుంచి పాలు సరిగ్గా తాగలేదు. ఉచ్చ కూడా ఒక్కసారే పోసింది.

ఊళ్ళో అందరికీ పళ్ళని చెప్పింది తనే. ఇప్పుడు కాదంటే మాట మార్చాడంటారు. ఆ ఆలోచన ఆయనకు వచ్చింది, వచ్చినంతసేపు కూడా నిలవలేదు.

"పళ్ళొస్తున్న మాట నిజమే. కానీ ఈ జ్వరం పళ్ళది కాదు" అన్నాడు లేచి నిలబడి. "చిగురు నొప్పయితే కొరుకుద్ది. కొరకట్లేదు. ఇది వేరే ఏదో. జోహరాబీ, మీ అబ్బాయి సుభానీని ఆటో తియ్యమను."

"నేనూ వస్తా" అంది జోహరాబీ చెప్పులు వేసుకుంటూ.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఒక చిన్న వయసావిడ. థర్మామీటర్ పెడితే నూట రెండు దాటింది. ఆమె గుండె చూసింది, గొంతు చూసింది, చివరికి చెవిలో లైటు వేసి చూసింది. ఎడమ చెవి దగ్గరకి రాగానే జాస్మిన్ కేక పెట్టింది.

"చెవి లోపల ఇన్ఫెక్షన్ ఉంది" అంది డాక్టరు. "పళ్ళొచ్చేటప్పుడు ఒళ్ళు కాస్త వెచ్చబడొచ్చు. ఇంత జ్వరం మాత్రం పళ్ళ వల్ల రాదు. చాలామంది పళ్ళే అనుకుని రెండు మూడు రోజులు ఆగి తీసుకొస్తారు. మీరు ఇవాళే తెచ్చారు, మంచిపని చేశారు. ఎవరు కనిపెట్టారు?"

లిడియా మామని చూపించింది. పిచ్చయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "మందు ఎన్ని రోజులు వెయ్యాలమ్మా? పూటకెంత?" అని అడిగాడు. ఆమె చెప్పింది రెండుసార్లు అప్పజెప్పాడు. తర్వాత, "చిగురుకి రాసే గొట్టం మందులు ఊళ్ళో అమ్ముతున్నారు. వాడొచ్చా?" అన్నాడు.

"వద్దు తాతగారూ. మీరిప్పుడు చేస్తున్నదే సరిపోతుంది."

తిరుగు దారిలో జోహరాబీ పిల్ల తలకి తన కొంగు కప్పింది. ఇల్లు దగ్గరపడ్డాక, "మా రెండోవాడికి చిన్నప్పుడు చెవిలో చీము కారేది. పళ్ళే అనుకున్నానన్నా, నెల్లాళ్ళు" అంది. లిడియా ఆమె చెయ్యి పట్టుకుంది.

రెండో రోజుకి జ్వరం దిగింది. మూడో రోజున జాస్మిన్ మళ్ళీ పిడికిలి నోట్లో కుక్కుకుంది. అది చూసి పిచ్చయ్యకి ప్రాణం లేచొచ్చింది. జ్వరం పోయినా డాక్టరు చెప్పిన అన్ని రోజులూ మందు పట్టించాడు. లిడియా మూడు రోజులు ఇంటి దగ్గరుండి, నాలుగో రోజు కోతకి వెళ్ళింది.

మొదటి పన్ను పిచ్చయ్య చెప్పినదానికి రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆ మధ్యాహ్నం చేను గట్టున పాలు తాగుతున్న పిల్ల ఉన్నట్టుండి కొరికింది. లిడియా "అమ్మో!" అని అరిచిన అరుపుకి కోతవాళ్ళంతా నడుం ఎత్తి చూశారు. జాస్మిన్ కిలకిలా నవ్వింది. ఆ నవ్వులో కింది చిగురు మీద తెల్లగా, బియ్యపు గింజంత కనబడింది.

"మావయ్యా, వచ్చింది!" అంది లిడియా, నొప్పికీ నవ్వుకీ మధ్య.

కోతవాళ్ళు బుట్టలు దించి ఒక్కొక్కరే వచ్చి చూశారు. పిచ్చయ్య అందర్నీ రెండు బారల దూరంలో నిలబెట్టాడు. "చేతులకి కారముంది, ముట్టుకోబాకండి. కళ్ళతో చూసి పోండి" అంటూ మనవరాలి గడ్డం తువ్వాలుతో అద్దాడు.