కమలాదేవి చేసిన కార్న్‌వాల్ పాస్టీలు

దోహాలో మదీనత్ ఖలీఫా అనే పేటలో జెన్నీ మేడం ఇంట్లో వంటకు కుదిరిన రెండేళ్లకే కమలాదేవికి ఇంగ్లీషు వంటలన్నీ వచ్చేశాయి. ఆవిడ అలా అనుకునేది మరి. "ఏముంది ఖమరక్కా, ఉడకబెట్టాలి, ఉప్పు మర్చిపోవాలి," అని పక్క విల్లాలో పనిచేసే నిజామాబాద్ ఖమర్ సుల్తానాకి పాఠం చెప్పేది. నరసాపురంలో పెళ్లిళ్లకి పిండివంటలు చేసిన చెయ్యి ఆవిడది. ఆ చేతిమీద ఎంత నమ్మకమంటే, ఇక చెవులకి పెద్దగా పని పెట్టేది కాదు.

తొంభై ఆరు చలికాలంలో మేడం వాళ్ల అన్నయ్య డెరెక్ దోహా వస్తున్నాడని కబురొచ్చింది. వాళ్లది ఇంగ్లండులో కార్న్‌వాల్ అనే సముద్రపు సీమ. అక్కడ ఆయనకో హోటలుంది. ఆ తీరంలో పట్టిన చేపలు, ఆ నేలలో పండిన కూరలు తప్ప బయటి సరుకు ముట్టుకోడట. ఆ సీమ మొత్తానికీ మంచి హోటలని ఆ ఏడాది దానికి బహుమతి కూడా ఇచ్చారు. మేడం పత్రికలో ఫొటో చూపించింది. డెరెక్ ఒక చేత్తో షీల్డు, ఇంకో చేత్తో పళ్లెం పట్టుకుని నవ్వుతున్నాడు. పళ్లెంలో ఉన్నది అంచు మెలితిప్పిన కజ్జికాయ. కాకపోతే చెప్పంత ఉంది.

"దీన్ని పాస్టీ అంటారు కమలా. అన్నయ్యకి ఇది పెట్టాలని ఉంది. చేయగలవా?"

"నో ప్రాబ్లం మేడం."

లోపల పెట్టాల్సినవి మేడం ఓపిగ్గా చెప్పింది. మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ, స్వీడ్. "స్వీడ్ మాత్రం మర్చిపోకు. అది లేకపోతే మావాళ్లు ఒప్పుకోరు," అంది.

కమలాదేవికి 'స్వీట్' అని వినబడింది. మాంసంలో తీపేమిటని అనుమానం రాకపోలేదు. కానీ మేడంని అడిగితే తనకి తెలియదనుకుంటుంది. అందుకని రెండిళ్ల మధ్య గోడ దగ్గరికెళ్లి ఖమర్‌ని అడిగింది.

"వీళ్లు అట్లనే తింటరు," అంది ఖమర్. "మా మేడం మటన్ మీద జామ్ పూస్తది. నేను చూసిన."

దాంతో అనుమానం తీరిపోయింది.

డెరెక్ వచ్చిన రోజు కమలాదేవి రెండు గుప్పెళ్ల బెల్లం తురిమి మాంసంలో కలిపింది. ఎలాగూ తీపే కదా అని యాలకుల పొడి కూడా వేసింది. ఓవెన్‌లోంచి తీసేసరికి పాస్టీలు బంగారంలా మెరిసిపోతున్నాయి. మెప్పు వినడానికి తలుపు పక్కన నిలబడింది.

డెరెక్ కొరికాడు. చాలాసేపు నమిలాడు. మేడం కూడా ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"కమలా, స్వీడ్ వేశావా?"

"వేశాను మేడం. రెండు గుప్పెళ్లు."

"గుప్పెళ్లా?" మేడం లేచి వెళ్లి ఫ్రిజ్ తెరిచింది. "ఇక్కడో ఊదారంగు దుంప ఉండాలి. దానికోసం దోహా అంతా తిరిగాను."

అప్పుడు తెలిసింది కమలాదేవికి. ఆ దుంపని ముదిరిపోయిన ముల్లంగి అనుకుని మొన్ననే పులుసు పెట్టుకుని తినేసింది. రుచీ పచీ లేదని ఖమర్‌తో చెప్పింది కూడా.

"అది అయిపోయింది మేడం," అంది మెల్లగా. "పులుసులో."

సంగతి అర్థమయ్యాక డెరెక్ కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వాడు. కమలాదేవికి ఓవెన్ తలుపు తీసి అందులో దూరిపోదామా అనిపించింది. ఆయన వంటింట్లోకి వచ్చి, మిగిలిన పాస్టీ ఒకటి తీసి అంచు చుట్టూ వేలితో తడిమి చూశాడు. ఇంత చక్కటి మెలిక తన హోటల్లో ఒక్కరికీ రాదన్నాడు. కమలాదేవి తల మళ్లీ పైకి లేచింది.

ఆయన చెబుతూనే ఉన్నాడు. పూర్వం వాళ్ల సీమలో గనిపనివాళ్లు పాస్టీలు కట్టుకెళ్లేవారట. చేతులు మురికిగా ఉంటాయని ఈ అంచు పట్టుకుని తినేవారట. తిన్నాక అంచు పారేసేవారట.

అంటే తన పనితనం మొత్తంలో మెచ్చుకోదగ్గది ఆ పారేసే ముక్కొక్కటే. కమలాదేవికి నవ్వాగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

మర్నాడు డెరెక్, కమలాదేవి కలిసి మళ్లీ చేశారు. స్వీడ్ దొరక్క టర్నిప్ దుంపతో సరిపెట్టారు. ఈసారి కమలాదేవి ప్రతి మాటా మేడంని రెండుసార్లు అడిగింది.

"పెప్పర్ అంటే మిరియాలే కదా మేడం?"

మేడం సీసా మూత తీసి ఆవిడ ముక్కు దగ్గర పెట్టింది.