నలభై ఒక్క కిలోలు

పక్షవాతం వచ్చి తగ్గాక మేస్త్రీ కుడిచేతికి పట్టు తిరిగొచ్చింది కానీ బలం రాలేదు. స్పానరు పట్టుకోగలడు, బిగుసుకున్న నట్టును మాత్రం కదపలేడు. ఇరవై రెండేళ్లు ఇంజన్లు దించి ఎక్కించిన మనిషి. షెడ్డు తమ్ముడికి అప్పగించి, ఇంటి ముందుగదిలో భార్య కుట్టుమిషను పక్కన కూర్చుని, వీధిలో పోయే బండ్ల చప్పుడు విని వాటి జబ్బులు చెప్పడం తప్ప వేరే పని లేకుండా పోయింది.

అతని సొంత కారు షెడ్డు వెనక రేకుల కింద పడి ఉంది. పాతికేళ్ల నాటి చిన్న కారు. అన్న ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో తమ్ముడు నీళ్లు చూసుకోకుండా తిప్పితే, ఇంజను వేడెక్కి బ్లాకు పగిలింది.

"తప్పు నాదే అన్నయ్యా. అలాంటి ఇంజనే ఇంకోటి వెతికి నేనే ఎక్కిస్తా," అన్నాడు తమ్ముడు.

"అలాంటిది వద్దు. తేలికది కావాలి," అన్నాడు మేస్త్రీ.

ఎందుకన్నది ఆ మధ్యాహ్నం అన్నం తింటూ భార్యకు మాత్రం చెప్పాడు. "పాతది పోత ఇనుముది. ఆ బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది. అందుకే స్టీరింగు అంత మొండి. అల్యూమినియం ఇంజను పెడితే ముందు భాగం తేలికవుతుంది. అప్పుడు నా ఎడంచేతికి లొంగుతుంది."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. "అంటే, మళ్లీ నడుపుతారా?"

"తిప్పగలిగితే నడుపుకోమనే కదా డాక్టరు అన్నాడు! లైసెన్సు పరీక్ష ఇంకోసారి ఇవ్వాలి, అంతే."

"అయితే కొలతలు నేను తీస్తా," అంది ఆమె.

మేస్త్రీ ఎన్నడూ కాగితం మీద గీత గీసినవాడు కాదు. ఇంజను గూట్లో చెయ్యి పెట్టి తడిమితే చాలు, ఏది ఎక్కడ కూర్చుంటుందో వేళ్లే చెప్పేవి. ఇప్పుడు ఆ వేళ్లు మొరాయించాయి. కుదిరిందా లేదా అని పదిసార్లు ఎత్తి దించడం ఇక కుదరదు. అంతా ముందే తేలిపోవాలి.

పాతసామాన్ల దుకాణంలో, వెనక నుంచి లారీ గుద్దిన కారొకటి దొరికింది. డిక్కీ నుజ్జయింది గానీ ముందు భాగానికి గీత కూడా పడలేదు. మూడు సిలిండర్ల బుజ్జి ఇంజను. గేరుబాక్సుతో సహా దాన్ని షెడ్డుకు తెచ్చి గొలుసు కప్పీకి కాటా తగిలించి తూచారు. పాత ఇంజను, గేరుబాక్సు కలిపి నూట నలభై ఎనిమిది కిలోలు. కొత్తవి నూట ఏడు. నలభై ఒక్క కిలోల తేడా! మేస్త్రీ గోడ మీద ఆ అంకె రాసి, దాని చుట్టూ సుద్దముక్కతో రెండుసార్లు సున్నా చుట్టాడు.

ఆ తరువాత షెడ్డులో టైలరమ్మ రాజ్యం మొదలైంది. మెడలో టేపు వేసుకుని బోనెట్ కింద తలదూర్చి ఆమె కొలతలు చెబుతుంటే, మేస్త్రీ ఎడంచేత్తో వంకరటింకరగా రాసుకునేవాడు. ఫ్రిజ్ అట్టపెట్టెలు కోసి, అంటించి, అచ్చం కొత్త ఇంజనంత అట్ట ఇంజనొకటి తయారు చేసింది.

"వదినా, దీనికి చొక్కా కూడా కుడతావా?" అన్నాడు తమ్ముడు నవ్వాపుకోలేక.

"కాలరు కావాలంటే కాలరూ పెడతా. ముందు ఆ చివర పట్టుకో."

అట్ట ఇంజను గూట్లోకి దిగింది కానీ పూర్తిగా కూర్చోలేదు. అడుగున ఆయిల్ చాంబరు, బండిని అడ్డంగా పట్టి ఉంచే కమ్మీకి తగులుతోంది. సరిగ్గా రెండు సెంటీమీటర్ల చోటు తక్కువ.

"కమ్మీ కోసేద్దాం," అన్నాడు తమ్ముడు.

"బండి నడుం విరుగుతుంది," అన్నాడు మేస్త్రీ. ఆ రోజుకు పని ఆగిపోయింది. మూడు రోజులు అతను ఆ రెండు సెంటీమీటర్ల గురించే లెక్కలు వేసుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున భార్య జాకెట్టు కత్తిరిస్తోంది. గుడ్డ చాలక, అట్ట నమూనాను కాస్త ఏటవాలుగా తిప్పి పెట్టింది. సరిపోయింది. మేస్త్రీ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఇంజన్ను వాల్చుదాం!"

"వాల్చడమా?"

"చక్రాలకు పోయే ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. దాని చుట్టూ ఇంజన్ను ఒక్క రవ్వ వెనక్కి తిప్పితే చాంబరు కమ్మీని దాటిపోతుంది!"

చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి షెడ్డుకు నడిచాడు. అట్ట ఇంజన్ను వెనక్కి వాల్చారు. కింద కమ్మీకి, పైన బోనెట్‌కు వేలు దూరేంత చోటు మిగిలింది. తమ్ముడు ఆ రెండు చోట్లా తన వేలే పెట్టి చూసి, "అన్నయ్యా, పట్టేసింది!" అన్నాడు. ఇంజను వాలితే ఆయిల్ మట్టం మారుతుంది కాబట్టి, దాన్ని కొలిచే పుల్ల మీద గీత మార్చాలన్న సంగతి కూడా మేస్త్రీ అప్పుడే రాసుకున్నాడు.

అట్ట కొలతల ప్రకారం ఇంజను ఆనుకునే మూడు బ్రాకెట్లు వెల్డింగ్ చేయించారు. ఇంజను మార్పుకు అనుమతి కాగితాలు తెచ్చుకున్నారు. ఎక్కించే రోజున పక్క షెడ్ల వాళ్లు కూడా పని మానుకుని గుమ్మం దగ్గర చేరారు. మేస్త్రీ స్టూలు మీద కూర్చుని, నోటి మాటతో పని నడిపించాడు.

"వదులు... ఇంకాస్త... ఎడమకి... ఆగు! ఇప్పుడు వాల్చు. వదులు."

ఇంజను దిగి కూర్చుంది. మొదటి బోల్టు చేత్తోనే ఎక్కింది. రెండోదీ అంతే. మూడోదాన్ని తమ్ముడు నెమ్మదిగా తిప్పాడు. అదీ తిన్నగా దిగిపోయింది. గుమ్మం దగ్గర ఈలలు మోగాయి. టైలరమ్మ ముఖం అటు తిప్పుకుని టేపు చుట్టుకుంటూ నిలబడింది. మేస్త్రీ స్టూలు మీంచి లేచి, మూడు బోల్టులనూ ఎడంచేత్తో తడిమి చూశాడు.

వైర్లు, గొట్టాలు బిగించడానికి ఇంకో పది రోజులు పట్టింది. తాళం తిప్పితే ఇంజను ఒకసారి దగ్గి అందుకుంది.

లైసెన్సు పరీక్షకు భార్య కూడా వెళ్లింది. మైదానంలో కర్రలు పాతి ఇరుకు దారి గీశారు. పరీక్షాధికారి పక్కసీట్లో కూర్చుని, "ఇక్కడ ఆపి, వెనక్కి తీసి తిప్పండి," అన్నాడు.

ఎడమ అరచెయ్యి స్టీరింగు మీద ఆనించి మేస్త్రీ తిప్పాడు. బరువు తగిలింది గానీ మొరాయించలేదు. ముందు చక్రాలు మట్టిలో అచ్చు వేస్తూ ఒక కొస నుంచి ఇంకో కొసకు తిరిగాయి. ఒక్క కర్రా కదలలేదు. వెనక్కి, ముందుకి, మళ్లీ వెనక్కి. బండి పూర్తిగా తిరిగి, వచ్చిన దారి వైపు ముఖం పెట్టి నిలబడింది.

"ఈ మోడల్ స్టీరింగు ఇంత సులువుగా తిరగదే! ఏం చేశారు దీన్ని?" అన్నాడు అధికారి.

"నలభై ఒక్క కిలోలు చిక్కిందండీ," అన్నాడు మేస్త్రీ.

సంతకమైన కాగితం జేబులో పెట్టుకుని అతను కారును గేటు దగ్గరికి తెచ్చాడు. అక్కడ నిలబడ్డ భార్య ముందు ఆపి, వంగి తలుపు తెరిచాడు.

"ఎక్కు. ఎక్కడికి పోదాం?"

"ఎక్కడికైనా సరే," అంది ఆమె. "కాస్త మలుపులున్న దారిలో పోనివ్వండి."