రేకు వీరుడి దూప

గల్ఫ్‌లో సీబ్ అనే ఊళ్ళో కొత్తగా తెరిచిన ఫ్రెంచి హోటలు గుమ్మం ముందు నిలబడే ఇనుప వీరుడి లోపల మనిషి లేడనీ, మోటరు తిరుగుతుందనీ ఊరందరి నమ్మకం. విమానాశ్రయం నుంచి వచ్చే డ్రైవర్లు చెప్పారు, విల్లాల్లో వంటవాళ్ళు చెప్పారు. చెవి ఆనించి విన్నామన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు అబద్ధమాడలేదు, వీరుడి వెనక గోడకున్న ఏసీ మిషను పగలంతా గుర్రుమనేది. ఆపైన తర్కం ఒకటి: జూన్ ఎండలో తల నుంచి పాదం దాకా రేకు తొడుక్కుని మనిషన్నవాడు నిలబడగలడా? నిలబడలేడు. కాబట్టి మోటరు. మనిషిని అలా నిలబెట్టే మనిషి ఉండడనుకోవడం ఒక్కటే అందులో పొరపాటు.

1993లో ఆ రేకు లోపల నిలబడ్డవాడు ఓంకార్. నిర్మల్ దగ్గరి పల్లె నుంచి గిన్నెలు కడిగే పనికి వచ్చాడు. అతనికి ముందు నిలబడ్డవాడు దేవదాసు, అదే రూమ్ వాడు. ఒక మధ్యాహ్నం దేవదాసు నిలువునా కూలిపోయాడు. ఆస్పత్రిలో ఇంకా మనుషులను గుర్తుపట్టడం లేదు. బజారులో మాత్రం ఆ సంగతి వేరే రూపంలో తిరిగింది: "మోటరు కాలిపోయిందట. కొత్తది తెప్పించారట."



మేనేజరు ఎహసాన్ హైదరాబాదు మనిషి. పుకారు గిరాకీ తెస్తోంది కనుక కాదనలేదు, పైగా కాపాడాడు. తల తిప్పకూడదు, మాట్లాడకూడదు, గుమ్మం దగ్గర నీళ్ళు తాగకూడదు. కారు ఆగితే కత్తి ఎత్తి దించాలి. నడుముకు వేలాడే కొమ్ముబూరను ముట్టుకోకూడదు.

"ముట్టొద్దంటే ఆ బూర ఎందుకు సార్?" అని మొదటి రోజే అడిగాడు ఓంకార్.

"అరే మియా, అసలు కథ అదే! ఫ్రాన్సుల పాతకాలం పాటలున్నయ్. దాంట్ల ఈ వీరుడు పేద్ద పహిల్వాన్. కొండల నడుమ రాజు ఫౌజుకు వెనక కాపలా. దుష్మన్లు చుట్టుకున్నరు. బూర ఊదు, రాజు మళ్ళొస్తడని దోస్తు చెప్పిండు. ఊదలే! మదత్ అడగడం షరమ్ అన్నడు. అందరు ఖతమైనంక ఊదిండు. గదీ ఇజ్జత్! నువ్వు గట్ల నిలబడాలె."

"అందరు సచ్చినంక ఊదితే ఎవనికి లాభం సార్?"

"నీకు సమజ్ కాదు లే. నిలబడు."

ఒక శుక్రవారం మధ్యాహ్నం రేకు పెనంలా కాలింది. చెమట గాలికి ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. రేకు లోపల గాలి ఆడదు. కాబట్టి చెమట కారుతుందే గానీ ఆరదు. పన్నెండు దాటాక కారడం కూడా మానేసింది. కూలిపోయిన రోజు దేవదాసు చివరగా అన్న మాట అదే: "చెమట బందైందిరా."

ఎహసాన్ బయటికి రాగానే ఓంకార్ గుసగుసగా అడిగాడు. "సార్, దూపైతుంది. రెండు గుక్కలు నీళ్ళియ్యుండ్రి. దేవదాసుకైనట్టే అయితుంది."

"జర సబర్ కర్. పార్టీ దిగుతుంది. మోటరు నీళ్ళు తాగుతదా?" ఎహసాన్ నవ్వాడు. "నీ పాస్‌పోర్టు నా అల్మారీల ఉంది, యాదుంచుకో."

అతను లోపలికి వెళ్ళాడో లేదో, కడప డ్రైవరు పెంచలయ్య ఊరి నుంచి కొత్తగా దిగిన ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒక చేతిలో నీళ్ళ సీసా, ఇంకో చేతిలో కారు తాళాలు. తాళాలతో వీరుడి రొమ్ము మీద టంగుటంగున కొట్టాడు.

"సూడండప్పా, లోపలుండేది మోటరే. పాతది కాలిపోతే బొంబాయి నుంచి కొత్తది దిగింది. నా కండ్లతో సూసినా!"

పాతది. కాలిపోతే. ఓంకార్‌కు కళ్ళ ముందు దేవదాసు తెల్లటి నాలుక కనబడింది. పెంచలయ్య మీద, ఎహసాన్ మీద రేగిన కోపం ఎన్నడూ చూడని ఆ వీరుడి మీదికి కూడా పాకింది. పక్కనున్న దోస్తు చస్తుంటే పరువు కోసం నోరు మూసుకున్నవాడు వీరుడా? ఆ పాట కట్టినవాళ్ళెవరూ రేకులో ఒక మధ్యాహ్నం నిలబడి ఉండరు.

కత్తి కింద పారేశాడు. ముఖం రేకుకు నోటి దగ్గరున్న సందులో బూర మొన దూర్చి ఊదాడు. ఎండిన పెదవుల నుంచి మొదట గాలే వచ్చింది. రెండోసారి గేదె అరిచినట్టు మోత లేచింది. కార్లు ఆగాయి. ఎహసాన్ పరుగెత్తుకొచ్చాడు. వెనక్కి దూకిన పెంచలయ్య అంతలోనే తేరుకున్నాడు.

"ఓర్నీ! ఈ కొత్త మోటరుకు హారను గూడా పెట్టినారప్పా!"

జనం పకపకా నవ్వారు.

ఓంకార్ శిరస్త్రాణం ఊడబెరికి ఎహసాన్ కాళ్ళ దగ్గర విసిరికొట్టాడు. నవ్వు ఆగిపోయింది. పెంచలయ్య చేతిలోని సీసా లాక్కుని ఎత్తి పట్టుకున్నాడు.

"తాగకు! అందరు చూస్తున్నరు!" ఎహసాన్ పళ్ళు కొరికాడు.

"సూడనియ్యి సార్. ఆనాడు దేవదాసును గూడ సూస్తే బాగుండు."

సీసా ఖాళీ అయ్యేదాకా తాగాడు. సగం నీళ్ళు గడ్డం మీదుగా రేకు మీద పడి చుయ్యిమన్నాయి.

ఆ రేకు లోపల ఏ రోజూ మోటరు లేదు. మొదట దేవదాసు ఉన్నాడు. తరువాత ఓంకార్ ఉన్నాడు.